నేలకూలిన చిన్న ఇంజను

సంక్రాంతి సెలవుల తరువాత వచ్చిన మొదటి ఆదివారం. సికింద్రాబాదులోని ఒక విశాలమైన మైదానం మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. మైదానం నడుమ ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి, చేతిలో పిడి పట్టుకొని, తన చుట్టూ తాను తిరుగుతున్నాడు. ఆ పిడి నుండి రెండు సన్నని ఉక్కు తీగెలు సుమారు 18 మీటర్ల దూరం సాగి, ఒక చిన్న విమానం రెక్కలోకి చేరుతున్నాయి. విమానం అతని చుట్టూ వలయాకారంలో ఎగురుతున్నది. దాని ముక్కున బిగించిన ఇంజను చేసే శబ్దానికి మైదానం అంచున ఉన్న పావురాలు లేచిపోయాయి.

ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు ఈ తీగెల విమానాలు కొత్త కాదు. పిడిని పైకి వంచితే విమానం పైకి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. ఈ కిటుకు పది నిమిషాలలో పట్టుబడుతుంది. చిక్కంతా విమానాన్ని తలకిందులుగా ఎగురవేసేటప్పుడు వస్తుంది. అప్పుడు చేతికి అలవాటైన సంజ్ఞలన్నీ తారుమారవుతాయి. పైకి అని చెప్పిన సంజ్ఞ విమానానికి నేలవైపు దారి చూపుతుంది. ఈ సంగతి అతనికి తెలుసు, నోటుపుస్తకంలో బొమ్మ గీసి మరీ రాసుకున్నాడు. కాని తలకిందులైన విమానం రెండవ చుట్టులో కొంచెం కిందికి జారగానే, బుద్ధి కంటె ముందుగా చెయ్యి స్పందించింది. పిడి పైకి వంగింది. విమానం నిలువునా నేలను తాకింది.

శబ్దం ఒక్కసారిగా ఆగిపోయింది. బాల్సా చెక్క రెక్కలు పటపట విరిగిన చప్పుడు మాత్రం ఒక క్షణం ఆలస్యంగా అతని చెవిని చేరింది. పరుగెత్తుకొని వెళ్లి చూస్తే, రెక్క మూడు ముక్కలైంది. ఇంజను ముక్కు వరకు మట్టిలో దిగబడి ఉన్నది. పంకా ఆకులు రెండూ మొదలంటా విరిగాయి. అతడు ఇంజనును బయటికి లాగి, పైమట్టిని చొక్కా అంచుతో తుడిచాడు. తరువాత, ఆ స్థితిలో ఉన్నవారెవరైనా చేసే పనే చేశాడు. విరిగిన పంకా మొదలు పట్టుకొని ఇంజనును తిప్పి చూశాడు. బతికి ఉన్నదా లేదా అన్నదే అప్పుడు అతని ఆరాటం. తిరిగింది. లోపల ఎక్కడో గరగరమని ఇసుక నలిగిన చప్పుడు వినిపించింది. నమ్మకం కలగక మళ్లీ తిప్పాడు. అలా నాలుగైదు సార్లు తిప్పిన తరువాత గాని సంచిలో పెట్టలేదు.

ఆ ఇంజను అతనిది కాదు. పెదనాన్నది. ఆయన భారత వైమానిక దళంలో ఇంజను ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. 1980 దశకంలో, ఉద్యోగంలో ఉన్నప్పుడు, నెలల తరబడి జీతంలో మిగిల్చి కొనుక్కున్న జపాను ఇంజను అది. అన్ని సంవత్సరాలలోనూ దాన్ని ఆయన మరొకరి చేతికి ఇవ్వలేదు. చూపు మందగించి, ఎగిరే విమానాన్ని కనిపెట్టడం కష్టమైన తరువాతనే తమ్ముని కుమారునికి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఒకే ఒక మాట చెప్పారు. "పడిపోతే పడనీ. పడ్డ తరువాత మాత్రం తిప్పకు. అలాగే నా దగ్గరికి తీసుకురా."

ఈ ఇంజను ఎంత చిన్నదో, ఎంత పనిచేస్తుందో తెలిస్తే తప్ప ఆ మాటలోని బరువు తెలియదు. అరచేతిలో ఇమిడే ఆ యంత్రం బరువు అరకిలోకు లోపే. దాని సిలిండరు లోపలి కొలత 7.5 ఘన సెంటీమీటర్లు. అందులో పిస్టన్ ఒకటి నిమిషానికి 11,000 సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. లెక్క వేస్తే సెకనుకు 180 సార్లకు పైమాటే. స్కూటరు ఇంజనులో ఉన్నట్లు ఈ పిస్టన్‌కు రింగులు ఉండవు. పిస్టన్ అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినది. అది ఆడే గొట్టాన్ని లైనర్ అంటారు. లైనర్ ఇత్తడిది, లోపలివైపు క్రోమియం పూత ఉంటుంది. ఆ గొట్టం పైకి పోనుపోను కొద్దిగా సన్నగిల్లుతుంది. అందువల్ల ఇంజను చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొసకు చేరగానే బిగుసుకుంటుంది. ఇంజను వేడెక్కగానే ఇత్తడి ఎక్కువగా వ్యాకోచించి, ఆ బిగువు సరిగ్గా కావలసినంతకు సడలుతుంది. రెండు లోహాల స్వభావాలను ఎరిగి, వాటి మధ్య కుదిర్చిన ఒప్పందం అది. ఆ ఒప్పందాన్ని చెడగొట్టడానికి ఒక ఇసుక రేణువు చాలు.

ఈ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు కూడా ఉండదు. 1930 దశకంలో అమెరికాలో విలియం బ్రౌన్ తయారుచేసిన ఇంజన్ల వంటివాటికి బ్యాటరీ, చుట్ట, కండెన్సరు అన్నీ విమానంలోనే మోయవలసి వచ్చేది. 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ గ్లో ప్లగ్గును అందుబాటులోకి తెచ్చిన తరువాత ఆ బరువంతా తీరిపోయింది. గ్లో ప్లగ్గులో ప్లాటినం మిశ్రమపు సన్నని తీగె చుట్ట ఉంటుంది. మొదట ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చాలి. ఇంజను అందుకున్న తరువాత బ్యాటరీని తీసివేసినా, ఇంధనంలోని మెథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకి జరిపే చర్య వల్ల ఆ చుట్ట ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది.

ఇంధనంలో అయిదో వంతు వరకు నూనె కలుపుతారు. పెదనాన్న కలిపేది ఆముదం. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టచేలలో పండే ఆముదాల నుండి తీసిన నూనెకూ విమానాలకూ సంబంధం కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాలలోని, సిలిండర్లతో సహా గిరగిర తిరిగే ఇంజన్లకు ఆముదమే కందెన. ఎంత వేడికైనా లోహాన్ని అంటిపెట్టుకొని ఉండడం దాని సుగుణం. ఆ వేడికి మాడి, ఇంజను ఒంటినిండా గోధుమరంగు జిగురులా పట్టుకుపోవడం దాని దుర్గుణం. పెదనాన్న మేడమీద గదిలో ఎప్పుడూ ఆ కాలిన ఆముదపు వాసనే. పెద్దమ్మకు అది ఏనాడూ నచ్చలేదు.

ఆ సాయంత్రమే ఇంజను ఆయన ముందుకు వచ్చింది. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, తరువాత కళ్లు వదిలి వేళ్లతో తడిమారు. నీడిల్ వాల్వ్ వంగింది. గాలి పీల్చే గొంతు నిండా మట్టి. బిగింపు చెవులు నాలుగింటిలో ఒకటి విరిగి లేదు. తలమీది రెక్కల అంచు చితికింది.

"తిప్పావా?" అని అడిగారు.

"లేదు పెదనాన్నా."

ఆయన మరేమీ అడగలేదు.

మరునాడు పని మొదలయింది. ముందుగా పాత టూత్‌బ్రష్షుతో, కిరోసిన్‌తో ఇంజను పైభాగాన్ని కడిగారు. లోపలికి మరికొంత మట్టి పోకుండా రంధ్రాలకు గుడ్డ పీలికలు కుక్కారు. తరువాత పెదనాన్న పెద్దమ్మను ఒక పాత ఇడ్లీ రేకు అడిగి తెచ్చారు. దాని గుంటలలో విప్పిన భాగాలను విప్పిన వరుసలోనే పెట్టాలని నియమం. మొదటి గుంటలో ఏ భాగమూ పెట్టలేదు. గాలి గొట్టం విప్పి, దాని లోపలి మట్టిని పుల్లతో గీకి అందులో వేశారు. రెండవ గుంట నుండి మరలు మొదలయ్యాయి.

వెనుకమూత విప్పగానే ఆయన వేలు లోపలికి పోనిచ్చి, బయటికి తీసి, బొటనవేలితో రుద్ది చూశారు. ఆ వేలికి అంటిన ఎర్రమట్టిని కూడా మొదటి గుంటలోనే దులిపారు. చివరకు లైనర్‌ను వేడి చేసి, చెక్కపుల్లతో మెల్లగా పైకి నెట్టి వెలుపలికి తీశారు. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూడలేదు, చూసినా ఆయనకు కనబడదు. చూపుడువేలి గోటిని లోపలి గోడ మీద అడ్డంగా నడిపించారు. ఒకచోట గోరు ఆగింది. కొంచెం జరిపారు, మళ్లీ ఆగింది. మూడవచోట మళ్లీ.

విద్యార్థి కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాడు. అద్దంలాంటి క్రోమియం మీద మూడు గీతలు నిలువుగా, కింది రంధ్రం నుండి పైకొస దాకా. పిస్టన్ ఒంటిమీద వాటికి జతగా మరి మూడు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. నేలను తాకిన క్షణంలో పంకా విరిగి ఇంజను ఆగిపోతుంది. అప్పుడు మట్టి గాలి పీల్చే గొంతులో మాత్రమే ఉంటుంది. అక్కడి నుండి అది సిలిండరులోకి చేరాలంటే ప్రయాణం చాలా దూరం. క్రాంక్ షాఫ్టు బోలుగా ఉంటుంది. దాని మెడలోని కిటికీ గాలి గొట్టానికి ఎదురుగా వచ్చినప్పుడే దారి తెరుచుకుంటుంది. అందులోనుండి మట్టి వెనుక గదిలోకి రావాలి, పిస్టన్ కిందికి దిగి తరిమితే పక్క దారుల గుండా పైకి ఎక్కాలి. ఆగిన క్షణంలోని ఊపుకు ఒకటి రెండు రేణువులు పోయాయంటే నమ్మవచ్చు. వేలికి అంటేంత మట్టి పోయిందంటే, ఎవరో షాఫ్టును తిప్పి దారి తెరిచి, మూసి, మళ్లీ తెరిచారన్నమాట. ముప్పయి ఏళ్లు ఇంజన్లు విప్పిన మనిషికి ఈ లెక్క చెప్పవలసిన పని లేదు.

ఆయన ఏమీ అనలేదు. "బేరింగులు ఎలాగూ మార్చాలి. రేపు కాలేజీ అయిన తరువాత రాణీగంజ్ వెళ్దాం" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి విద్యార్థికి నిద్ర సరిగా పట్టలేదు. తిడితే బాగుండునని అనుకున్నాడు.

షాఫ్టు రెండు బేరింగుల మీద తిరుగుతుంది. ముందుది చిన్నది, వెనుకది పెద్దది. ముందు బేరింగును వేళ్ల మధ్య తిప్పితే ప్రతి చుట్టులోనూ ఒకే చోట చిన్నగా తట్టుకుంటున్నది. పడిన దెబ్బకు లోపలి గుళ్లు తమ దారి మీద గుంటలు చేశాయి. ఇలాంటి బేరింగును కడిగి, నూనె వేసి వాడవచ్చునని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ గుంట పెరుగుతుందే కాని తరగదు. తునకలు రాలితే నేరుగా పిస్టన్ మీదికే పోతాయి.

రాణీగంజ్‌లో బేరింగుల దుకాణాలకు లోటు లేదు. పెదనాన్న జేబులోనుండి పాత బేరింగులను తీసి బల్లమీద పెట్టారు. దుకాణదారు కొలిచి చూసి, చిన్నదానికి 607 అనీ, పెద్దదానికి 6902 అనీ సంఖ్యలు చెప్పాడు. లోపలి వ్యాసం 7 మిల్లీమీటర్లు, వెలుపలిది 19, మందం 6 ఉంటే అది ప్రపంచంలో ఎక్కడైనా 607. 15, 28, 7 ఉంటే అది 6902. జపానులో చేసిన ఇంజనుకు కావలసిన భాగం సికింద్రాబాదు సందులో అరగంటలో దొరకడం విద్యార్థికి వింతగా తోచింది. కొలతలకు అందరూ ఒక్కమాట మీద నిలబడితే కలిగే సౌకర్యం ఇది.

విరిగిన చెవి సంగతి అంత తేలికగా తేలలేదు. ఆ వీధి చివర లేత్ నడిపే ఉస్తాద్ పెదనాన్నకు పాత పరిచయం. ఆయన ముందుగా క్రాంక్ షాఫ్టును రెండు వి ఆకారపు దిమ్మెల మీద పెట్టి, డయల్ గేజి మొనను ఆనించి మెల్లగా తిప్పారు. గేజి మీద ఒక్కొక్క గీత మిల్లీమీటరులో నూరో వంతు. ముల్లు ఒక గీతకు మించి కదలలేదు. "షాఫ్టు సీదాగా ఉంది, మీ అదృష్టం" అన్నారు. షాఫ్టు వంగి ఉంటే తిన్నగా చేసే ప్రయత్నం వృథా. గట్టిపరచిన ఉక్కు వంగితే విరగడానికి సిద్ధంగా ఉన్నట్లే.

విరిగిన చెవికి ఆర్గాన్ వెల్డింగుతో కొత్త లోహం పోయాలి. "బేటా, ఇది పోత అల్యూమినియం. లోపల గాలి బుడగలు ఉంటయ్. మొదటిసారి పొంగుతది. భయపడకు" అని ఉస్తాద్ ముందే చెప్పారు. చెప్పినట్లే మొదటిసారి పోసిన లోహం అటుకుల ముద్దలా పొంగింది. దాన్ని అరగదీసి మళ్లీ పోశారు. ఆ వేడికి బేరింగు కూర్చునే గూడు వంకరపోకుండా, దాని కొలతకు తిప్పిన ఉక్కు దిమ్మెను ముందే అందులో బిగించి ఉంచారు. చల్లారిన తరువాత చెవిని చదును చేసి, రంధ్రం వేశారు. నాలుగు చెవులనూ ఒక అద్దపు పలక మీద ఆనించి, ఏ మూలా ఆడడం లేదని తేల్చుకొన్న తరువాతనే ఇంజనును ఇచ్చారు. ఒక చెవి వెంట్రుకంత ఎత్తుగా ఉన్నా, మరలు బిగించినప్పుడు ఇంజను ఒళ్లు మెలితిరిగి పిస్టన్‌ను పట్టేస్తుందట. పెదనాన్న డబ్బు ఇవ్వబోతే ఉస్తాద్ సగమే తీసుకున్నారు. మిగతా సగానికి బదులుగా, ఇంజను నడిచిన రోజున తనకు కబురు చేయాలన్నారు.

బేరింగులు బిగించడం ఇంట్లోనే జరిగింది. సుత్తి దెబ్బలతో బేరింగును గూట్లోకి దించేవారు ఉన్నారు. గుళ్ల మీద గుంటలు పడేది అలాగే. పెదనాన్న పద్ధతి వేరు. కొత్త బేరింగులను రాత్రంతా ఫ్రిజ్ పైఅరలో ఉంచారు. ఇంజను ఒంటిని పనికిరాని పాత ఓవెన్‌లో 150 డిగ్రీల వరకు వేడి చేశారు. విద్యార్థి భౌతికశాస్త్రం నోటుపుస్తకం తెచ్చి లెక్క వేశాడు. డిగ్రీకి అల్యూమినియం పది లక్షలలో 23 వంతులు పెరుగుతుంది, ఉక్కు సుమారు 12 వంతులు. 28 మిల్లీమీటర్ల గూటికి 120 డిగ్రీల వేడిలో, లోహాలు రెండూ ఒక్కలాగే వేడెక్కినా వచ్చే తేడా మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతుల లోపే. తలవెంట్రుక మందంలో సుమారు సగం. బేరింగు చల్లగా ఉంటే ఆ ఎడం ఇంకా పెరుగుతుంది. ఆ మాత్రం చాలు. చల్లని బేరింగును వేడి గూటిపై పెట్టగానే అది టక్కుమని దానంతట అదే దిగి కూర్చున్నది. వ్యాకోచ గుణకం మీద పరీక్షలో వచ్చే ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు అతనికి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక మిగిలింది పిస్టన్, లైనర్. క్రోమియం పూత మీద పడ్డ గీతలకు చికిత్స లేదు. అరగదీస్తే పూతే పోతుంది. ఆ రెండూ జతగానే దొరుకుతాయి, జతగానే మార్చాలి. కొత్త జత విదేశం నుండి తెప్పించాలి, దాని ధర విద్యార్థి దాచుకున్న డబ్బుకు రెట్టింపు. గీతలున్న జతతోనూ ఇంజను నడుస్తుంది. బిగువు తగ్గి, వేడి మీద మళ్లీ అందుకోవడానికి మొరాయిస్తుంది. అంతకంటే ప్రమాదమేమీ లేదు. "పాతదే వేద్దాం" అని పెదనాన్న అన్నారు. అతడు వద్దన్నాడు. కారణం మాత్రం చెప్పలేదు.

ఫిబ్రవరిలో జరగవలసిన ఎంపిక పోటీకి అతడు విమానం లేకుండానే వెళ్లి, మిత్రుల తీగెలు చుట్టిపెట్టి వచ్చాడు. వాళ్లలో ఒకడు అడిగాడు, ఇంత తంటా ఎందుకు, ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకోవచ్చు కదా అని. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. ఇప్పుడు ఆట విమానాలలో చాలావరకు బ్యాటరీతోనే ఎగురుతున్నాయి. వాటికి ఆముదం అక్కరలేదు, కడగడం అక్కరలేదు, కాలిన జిగురు గీకడం అక్కరలేదు. కిందపడితే ఒక భాగం తీసి మరొకటి పెట్టుకోవడమే. అతని దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ రాత్రి పెదనాన్న అతనికి మేనార్డ్ హిల్ సంగతి చెప్పారు. అమెరికాకు చెందిన హిల్, 2003 ఆగస్టులో, తన 77వ ఏట, ఇంధనంతో సహా 5 కిలోలకు లోపు బరువున్న నమూనా విమానాన్ని కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం నుండి ఎగురవేశారు. అది అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి, సుమారు 39 గంటల తరువాత ఐర్లండు తీరంలో దిగింది. మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం, పది సి.సి.కి మించని ఇంజను. అప్పటికి ఆయనకు చూపు చాలావరకు పోయింది, వినికిడి కూడా అంతంత మాత్రమే. అంతకు ముందటి ప్రయత్నాలలో విమానాలు సముద్రం పాలయ్యాయి. "ఆయన చేతులతో చూసేవాడు" అని పెదనాన్న అన్నారు. తరువాత నవ్వి, "నాకంటే నయం, నాకు చెవులైనా ఉన్నాయి" అన్నారు. ఆ లెక్క ప్రకారం నయం ఎవరో విద్యార్థికి అర్థం కాలేదు.

మార్చిలో పరీక్షలు ముగిశాయి. ఏప్రిల్ అంతా అతడు వీధిలోని ఇద్దరు పిల్లలకు గణితం చెప్పాడు. మే నెల రెండవ వారంలో కొత్త పిస్టన్, లైనర్ అగ్గిపెట్టెకంటె కాస్త పెద్దదైన డబ్బాలో వచ్చాయి. డబ్బా తెచ్చి పెదనాన్న ముందు పెట్టి, అతడు నిలబడే ఉన్నాడు.

"పెదనాన్నా, ఆ రోజు నేను తిప్పాను. నాలుగైదు సార్లు తిప్పాను."

ఆయన ఇడ్లీ రేకు మీది గుడ్డ తొలగించారు. నాలుగు నెలలుగా ఆ మొదటి గుంటలోని చిటికెడు మట్టి అలాగే ఉన్నది. "తెలుసు. ఇది తీసి పారేసి, గుంట కడిగి తీసుకురా. చోటు చాలడం లేదు" అన్నారు.

అతడు కడిగి తెచ్చాడు. ఆ తరువాత ఇద్దరూ పనిలో పడ్డారు.

బిగించేటప్పుడు విప్పిన వరుసకు తిరుగు వరుస. ప్రతి భాగానికీ ముందు ఒక చుక్క ఆముదం. షాఫ్టు లోపలికి పోయింది, కనెక్టింగ్ రాడ్డు దాని పిన్ను మీద కూర్చున్నది, లైనర్ అంచున ఉన్న గాడి ఒంటిలోని పిన్నుకు సరిగ్గా కుదిరింది. వెనుకమూతకు గాస్కెట్టు పాతది చిరిగిపోతే, దళసరి కాగితాన్ని మూత మీద పెట్టి చిన్న సుత్తితో అంచులు తట్టి కొత్తది కత్తిరించారు. తలమీది మరలను ఒకదాని తరువాత పక్కది కాక, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. ఇదంతా పెదనాన్న చెబుతుంటే విద్యార్థి చేశాడు. ఒక్క మర విషయంలో మాత్రం ఆయన అలెన్ కీ అడిగి తీసుకుని, పావు చుట్టు వెనక్కి తిప్పారు. ఎక్కువ బిగిసిందని చేతికి తెలిసిందట.

ఆదివారం ఉదయం మేడమీద, బరువైన టేకు చెక్కకు ఇంజనును బిగించారు. ఉస్తాద్ కూడా వచ్చారు. పెద్దమ్మ మెట్ల మీద నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది. కొత్త పంకాను వేలితో కాక, రబ్బరు గొట్టం తొడిగిన కర్రతో కొట్టాలి. వేళ్లు పోగొట్టుకున్నవారి కథలు పెదనాన్న దగ్గర చాలా ఉన్నాయి. మొదటి దెబ్బకు ఉలకలేదు. అయిదవదానికి ఒకసారి దగ్గింది. పన్నెండవదానికి అందుకున్నది. తెల్లటి పొగ, ఆముదపు వాసన, చెవులు గింగురుమనే శబ్దం.

పెదనాన్న కళ్లు మూసుకున్నారు. కొత్త పిస్టన్‌ను మొదటి రోజే పూర్తి వేగంతో నడపరాదు. ఇంధనం కొంచెం ఎక్కువగా ఇచ్చి, రెండు నిమిషాలు నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడపాలి. ఇంధనం మరీ ఎక్కువైతే శబ్దం మందంగా, ఒక చుట్టు విడిచి ఒక చుట్టు మండినట్లు వినిపిస్తుంది. తగ్గిస్తే ఆ శబ్దం చీలి సన్నని కేకగా మారుతుంది. ఆ రెండింటి అంచున నిలపాలి. "ఇంకొంచెం" అని ఆయన వేలు కదిలించారు. విద్యార్థి నీడిల్‌ను ఒక గాటు తిప్పాడు. "ఇంకొక్కటి." తిప్పాడు. ఆయన వేలు ఆగిపోయింది. రెండు నిమిషాల తరువాత ఇంధన గొట్టాన్ని నొక్కితే ఇంజను ఆగింది. చల్లారుతున్న లోహం టిక్ టిక్ మంటున్నది.

"ఇప్పుడు తిప్పి చూడనా?" అని విద్యార్థి అడిగాడు.

"ప్లగ్గు మీది బ్యాటరీ తీశావా?"

"తీశాను."

"అయితే తిప్పు."

అతడు పంకాను మెల్లగా తిప్పాడు. పైకొసకు చేరేచోట పిస్టన్ బిగుసుకుని, చేతిని ఒక క్షణం ఆపి, టప్పుమని దాటింది. గరగర లేదు. మళ్లీ తిప్పి, ఈసారి పంకాను పెదనాన్న చేతికి అందేటట్లు ఇంజనును ఆయనవైపు జరిపాడు. ఆయన కూడా ఒక చుట్టు తిప్పారు.

జూన్ మొదటి వానకు ముందే కొత్త రెక్కలతో విమానం మళ్లీ ఎగిరింది. ఆ రోజు అతడు దాన్ని తలకిందులుగా ఎగురవేయలేదు. రెండవ వారం ఎగురవేశాడు, రెండు చుట్లు. అతని సంచిలో ఇప్పుడు అదనంగా ఒక పాలిథిన్ కవరు, నాలుగు రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. ఇంజను నేలను తాకితే ముందు దాన్ని మూతికట్టడానికి. ఇడ్లీ రేకును మాత్రం పెద్దమ్మ తిరిగి వంటింట్లోకి రానివ్వలేదు.